పొలిటికల్ సైన్స్ చదివితే రాజకీయం తెలిసినట్టేనా?

ప్రశ్న: మా తమ్ముడు పొలిటికల్ సైన్స్‌లో ఎం.ఏ. చేశాడు. ఇంట్లో రాజకీయాల చర్చ వస్తే తన మాటే చెల్లాలంటాడు. చదివినవాళ్ల అభిప్రాయం నిజంగా మెరుగ్గా ఉంటుందా?

జవాబు: వ్యవస్థ ఎలా నడుస్తుందన్న విషయంలో మీ తమ్ముడి మాట తప్పకుండా వినండి. పార్టీ మారిన ఎమ్మెల్యే పదవి ఎందుకు పోలేదని మనం కోప్పడతాం. పార్టీ ఫిరాయింపులను అడ్డుకోవడానికి 1985లో రాజ్యాంగంలో చేర్చిన పదో షెడ్యూల్ చదివినవాళ్లకు చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. అనర్హత తేల్చేది స్పీకర్; ఎన్నాళ్లలో తేల్చాలో అందులో రాయలేదు. మూడోవంతు మంది చీలితే చెల్లుతుందన్న వెసులుబాటును 2003లో తీసేశారు. మూడింట రెండొంతుల మంది విలీనానికి ఒప్పుకుంటే వేటు పడదన్నది మాత్రం మిగిలింది. ఇవి తెలియకపోతే మన కోపం తప్పు మనిషి మీదికి పోతుంది.

రేపు ఎవరు గెలుస్తారు, ఏ ప్రభుత్వం పడిపోతుంది అన్నచోట డిగ్రీకి అంత బలం లేదు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఫిలిప్ టెట్లాక్ దాదాపు 20 ఏళ్లపాటు నిపుణుల అంచనాలు సేకరించి 2005లో పుస్తకం వేశారు. పత్రికలు శ్రద్ధగా చదివేవాళ్లకంటే నిపుణులు పెద్దగా ముందు లేరు. ఒకే సిద్ధాంతాన్ని పట్టుకుని వేలాడినవాళ్లయితే మరీ వెనకబడ్డారు.

ఇక డబ్బు ముందు పింఛన్లకా, రోడ్లకా అన్నది న్యాయాన్యాయాల ప్రశ్న. అక్కడ మీ తమ్ముడికీ మీకూ ఒక్కో ఓటే. ఈసారి వాదన వస్తే, "ఇది ఏ నిబంధనలో ఉందిరా, చూపించు" అనండి. చూపిస్తే కూర్చుని ఇద్దరూ చదవండి.