కొండపల్లి బొమ్మ – పొణికి చెట్టు

దసరాకి కొందరు, సంక్రాంతికి కొందరు ఇంట్లో బొమ్మల కొలువు పెడతారు. బల్లలు మెట్లుగా పేర్చి, తెల్లగుడ్డ పరిచి బొమ్మలు నిలబెడతారు. అంబారీ ఏనుగు, దశావతారాలు, ఎడ్లబండి, తాడిచెట్టు ఎక్కే మనిషి ఉంటాయి. ఇవి కొండపల్లి బొమ్మలు. ఆ ఊరు ఇదివరకు మన కృష్ణా జిల్లాలోనే ఉండేది. 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉంది.

తయారు చేసే విధానం:

1. తెల్ల పొణికి కర్రని ఆరబెట్టి, సన్న సెగ మీద కాచి తడి పోగొడతారు.
2. ఒళ్లు, చేతులు, తల విడివిడిగా చెక్కుతారు.
3. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి మక్కు చేస్తారు. దానితో ముక్కలు అతికిస్తారు.
4. ఆరాక నునుపు చేసి, సున్నం పూసి, రంగులు వేస్తారు.

పొణికి కర్రే ఎందుకు? అది తేలిక, మెత్తన. ఉలికి ఇట్టే లొంగుద్ది. కానీ అది కొండ అడవిలో చెట్టు, మన వరి చేలల్లో కనిపించదు. నరికినన్ని మళ్లీ పెరగక ఇప్పుడు కర్ర దొరకడం కష్టమైంది. ఎంత పనితనం ఉన్నా కర్ర లేకపోతే బొమ్మ లేదు.

బొమ్మని అందరూ మెచ్చుకుంటారు, చెట్టుని ఎవరూ అడగరు. మనం గిరిజన పిల్లలం, మనమైనా అడగాలి. పొణికి మొక్కలు నాటి పెంచితేనే కొలువు నిలుస్తుంది.

ప్రశ్న: మక్కు దేనితో చేస్తారు? చూడకుండా చెప్పండి.

– 9వ తరగతి విద్యార్థిని