గీజరు మార్చాలా? లెక్క వేసి చెప్పండి

కిందటి చలికాలంలో మా ఇంట్లో గీజరు కారడం మొదలుపెట్టింది. లోపలి ట్యాంకు తుప్పు పట్టింది, కొత్తది కొనక తప్పదన్నాడు మెకానిక్కు. దుకాణానికి వెళితే, "ట్యాంకు లేని ఇన్‌స్టంట్ గీజరు తీసుకోండి మాస్టారూ, కరెంటు ఖర్చు సగానికి సగం తగ్గుతుంది" అన్నారు. ఆ మాట నిజమేనా? మీ భౌతికశాస్త్ర పాఠంతోనే తేల్చవచ్చు. రండి, చూద్దాం.

మా పాత గీజరు 15 లీటర్లది, 2 కిలోవాట్లది. నీటిని ముందుగా కాచి నిల్వ ఉంచుతుంది. దుకాణంలో చూపింది 3 కిలోవాట్లది. కొళాయి తిప్పాక, నీరు పారుతూండగానే వేడి చేస్తుంది. పేరుకు ట్యాంకు లేదంటారు గాని, ఇలాంటి వాటిలో చాలావరకు ఒకటి నుంచి మూడు లీటర్లు పట్టే చిన్న పాత్ర ఉంటుంది.

స్నానానికి ఒక బకెట్టు, అంటే 15 లీటర్లు కావాలనుకుందాం. నీరు 20 డిగ్రీల సెల్సియస్ నుంచి 40 డిగ్రీలకు వేడెక్కాలి. లీటరు నీరు సుమారు ఒక కిలోగ్రాము. ఒక కిలోగ్రాము నీటిని ఒక డిగ్రీ వేడిచేయడానికి 4.2 కిలోజౌళ్లు కావాలి. కనుక,

15 × 4.2 × 20 = 1260 కిలోజౌళ్లు.

ఒక యూనిట్ విద్యుత్తు అంటే 3600 కిలోజౌళ్లు. కాబట్టి బకెట్టుకు 0.35 యూనిట్. ఈ లెక్కలో ఏ రకం గీజరు అన్న ప్రశ్న ఎక్కడైనా వచ్చిందా? రాలేదు! కాచేది ఏదైనా నీటికి కావలసిన ఉష్ణం ఒక్కటే.

మరి తేడా ఎక్కడ? వృథాలో ఉంది. పాత గీజరులో 15 లీటర్లను 60 డిగ్రీలకు కాస్తే 0.7 యూనిట్ అవుతుంది, 21 నిమిషాలు పడుతుంది. అన్నే చన్నీళ్లు కలిపితే 40 డిగ్రీల నీళ్లు రెండు బకెట్లు వస్తాయి. నీళ్లు కాగగానే స్విచ్చి ఆపి ఇద్దరూ వెంటవెంటనే స్నానం చేస్తే వృథా స్వల్పం. ఒక్కరే చేస్తే మిగిలిన 0.35 యూనిట్ వేడి ట్యాంకులోనే మెల్లగా చల్లారిపోతుంది. రోజంతా స్విచ్చి వేసి ఉంచితే, చల్లారిన నీటిని గీజరు మళ్లీ మళ్లీ కాస్తూనే ఉంటుంది.

ఇన్‌స్టంట్ గీజరుకూ ఒక హద్దు ఉంది. అది సెకనుకు 3 కిలోజౌళ్లే ఇవ్వగలదు. లీటరుకు 84 కిలోజౌళ్లు కావాలి కనుక 28 సెకన్లు, బకెట్టుకు 7 నిమిషాలు పడుతుంది. తొందరపడి కొళాయి ఎక్కువ తిప్పితే నీళ్లు అంత వేడిగా రావు. కనుక బకెట్టు స్నానానికి చాలుతుంది గాని, ధారగా పడే షవరుకు చాలదు.

మరొక ముఖ్య విషయం. 3000 వాట్లను 230 వోల్టులతో భాగిస్తే సుమారు 13 ఆంపియర్లు. పాత గీజరు తీసుకున్నది 9 ఆంపియర్లలోపే. సన్నని వైరులో ఎక్కువ కరెంటు పారితే వైరు వేడెక్కి నిప్పు అంటుకోవచ్చు. అందుకే 16 ఆంపియర్ల ప్లగ్గు, తగిన లావు వైరు, సరైన ఎర్తింగు ఉన్నాయా అని ముందుగా ఎలక్ట్రీషియన్ చేత చూపించాలి.

ఇక మా ఇంటి తీర్పు. మేము నలుగురం, అందరివీ బకెట్టు స్నానాలే, కాని ఒక్కొక్కరిదీ ఒక్కో వేళ. అందుకని వైరు మార్పించి ఇన్‌స్టంట్ గీజరే పెట్టించాం. అందరూ వరసగా స్నానం చేసి స్విచ్చి ఆపే ఇంట్లో అయితే మిగిలేది కొద్దే. "సగానికి సగం" అన్నది ప్రతి ఇంటికీ వర్తించే మాట కాదు.

మీకొక ప్రశ్న: అరకులో చలికాలం ఉదయం నీరు 10 డిగ్రీలుంటే, అదే 3 కిలోవాట్ల గీజరు కింద 40 డిగ్రీల నీళ్లతో బకెట్టు నిండడానికి ఎన్ని నిమిషాలు పడుతుంది? లెక్క వేసి మీ మాస్టారికి చూపించండి.