ఉద్యోగ ప్రకటనలను యంత్రముచే వెదకు విధము

ధవళేశ్వరము ఆనకట్ట 1852వ సంవత్సరమున ముగియుటకు పూర్వమును గోదావరి పాఱుచునే యుండెను. అయినను డెల్టా చేలకు నీరు చాలకుండెను. నది యుండిన జాలదు, నీటిని చేనికి గొనివచ్చు కాలువయు నుండవలెను. ఉద్యోగ ప్రకటనల సంగతియు నిట్టిదే. దినదినమును వేలకొలది ప్రకటనలు అంతర్జాలమున వెలువడుచున్నవి. కాని అమలాపురముననో నరసాపురముననో యింట గూర్చున్న పట్టభద్రునకు, తనకు దగిన పని యెచ్చట నున్నదో గడువు దాటిన పిదప గాని తెలియుట లేదు. ఈ లోపమును దీర్చు నొక సాధనమును పైతరగతుల విద్యార్థులకు దెలుపుట యీ వ్యాసోద్దేశము.

పూర్వము ఈ పని ఉపాధి కల్పన కార్యాలయములది. 1959వ సంవత్సరపు చట్టము ననుసరించి ప్రభుత్వ సంస్థలును, 25 మందికి దక్కువ గాని పనివారు గల ప్రైవేటు సంస్థలును తమ ఖాళీలను ఆ కార్యాలయములకు దెలుపవలసి యుండెను. అభ్యర్థి పేరు నమోదు చేయించుకొని పిలుపునకై యెదురుచూచుచుండెను. 1997లో నౌకరీయు, 2015లో కేంద్ర ప్రభుత్వమువారి నేషనల్ కెరీర్ సర్వీసును అంతర్జాలమున వెలసినవి. నేడు ప్రకటనలు లేకపోవుట చిక్కు గాదు; అవి మితిమీరి యుండుటయే చిక్కు.

కంప్యూటరునకు మన యాజ్ఞలను దెలుపు భాషలలో పైథాన్ యొకటి. ఇది 1991లో వెలువడినది. ఈ భాషలో 'లైబ్రరీ' యనగా పుస్తకములుండు ఇల్లు గాదు. ఒకరు ముందే వ్రాసి యితరులకై యుంచిన యాజ్ఞల సముదాయము. అట్టివానిలో జాబ్‌స్పై యనునది ఉద్యోగములకై యేర్పడినది. ఇండీడ్, లింక్‌డిన్, నౌకరీ మొదలగు పెక్కు తావులను ఒక్కసారిగ వెదకి, పనిపేరు, సంస్థ, ఊరు, ప్రకటించిన తేది, దరఖాస్తు చిరునామా అను వానిని ఒక పట్టికగా గూర్చి యిచ్చును.

దీనిని నాలుగు విషయము లడుగవలెను: ఏ పని? ఏ యూరు? ఎన్ని గంటలలోపు వెలువడినవి? ఎన్ని కావలెను? దృష్టాంతమునకు, 'అకౌంటెంటు, కాకినాడ, 72 గంటలు, 20' అని కోరినచో, గడచిన మూడు దినములలో వెలువడినవానిలో నిరువదింటికి మించకుండ ప్రతి తావునుండియు దెచ్చుటకు యత్నించును. ఇండీడ్‌కు దేశము పేరును వేఱుగ జెప్పవలెను.

ఇచ్చట మనవారొక జాగ్రత్త వహింపవలెను. యంత్రమునకు మన యూళ్ల చరిత్ర తెలియదు. రాజమండ్రి పేరు 2015లో రాజమహేంద్రవరమని మాఱినది. ప్రకటనలలో రెండు పేర్లును గానవచ్చును. 2022లో జిల్లాలు విభజింపబడుటచే కాకినాడయు కోనసీమయు తూర్పు గోదావరినుండి వేఱైనవి. కావున ప్రతి పేరుతోడను వేఱువేఱుగ వెదకి, పట్టికలను గలిపి, రెండుమాఱులు వచ్చిన ప్రకటనలను దీసివేయవలెను.

పరుల యింటికి బోయినపుడు మర్యాద యవసరము గదా! యంత్రములు తమ పుటలలో నెచ్చట ప్రవేశింపవచ్చునో కూడదో పలువురు 'రోబోట్స్' అను చిన్న పత్రమున వ్రాసియుంతురు. ఈ యాచారము 1994లో బుట్టినది. కొన్ని సంస్థల నిబంధనలు యంత్రముచే సేకరించుటను నిషేధించుచున్నవి. వానిని ముందుగ జదువవలెను. నిషేధమున్నచోట స్వయముగ జూచుకొనవలెను. అనుమతి యున్నచోటను మాటిమాటికి నడుగక, కొంత విరామ మియ్యవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది వినుడు. యంత్రము ప్రకటనను దెచ్చునే గాని అది సత్యమో యసత్యమో చెప్పజాలదు. మోసగాని ప్రకటనయు నిజమైన ప్రకటనయు పట్టికలో ప్రక్కప్రక్కనే కూర్చుండును. ఉద్యోగ మిచ్చువాడు మనకు జీత మియ్యవలెను గాని, శిక్షణ కనియు పూచీ కనియు మనయొద్ద సొమ్ము గొనరాదు. ప్రభుత్వ పరీక్షల రుసుము వేఱు. అది అధికార ప్రకటనలోనే చెప్పబడి యుండును. మన ప్రాంతమునుండి కువైటు మొదలగు దేశములకు పనికై పోవు స్త్రీపురుషులు పెక్కురు. అట్టివారు పొలము తాకట్టు పెట్టకముందే, ఏజెంటు ప్రభుత్వమువద్ద నమోదైనవాడో కాడో 'ఇ-మైగ్రేట్' పుటలో జూచుకొనవలెను.

విద్యార్థులారా! మీ యింట నుద్యోగము వెదకు అన్నయో అక్కయో యున్నచో, వారి ప్రక్కన గూర్చుండి యొక పట్టిక సిద్ధపఱచుడు. అందు ఐదు ప్రకటనలను మాత్రమే యేఱి, ఒక్కొక్క సంస్థ నిజముగ నున్నదో లేదో విచారించి, పిమ్మట దరఖాస్తు పంపింపుడు. వెదకుట యంత్రము పని. వివేకించుట మనుష్యుని పని.