మీటరు ఎచ్చట? తీగె ఎంత పొడవు?

క్రొత్త ఇంటికి విద్యుచ్ఛక్తి కోరి దరఖాస్తు చేసినవారికి రెండు ప్రశ్నలు ఎదురగును. మీటరును ఇంటి గోడకు బిగింతురా, వీధివైపున బిగింతురా? స్తంభము నుండి సర్వీసు వైరును ఎంత దూరము వరకు ఇత్తురు? ఈ ప్రశ్నలకు ఒక ఊరిలో ఒక జవాబు, ప్రక్క ఊరిలో వేరొక జవాబు వినవచ్చుచుండును. ఒకచోట ముప్పది మీటర్లు దాటరాదందురు. ఇంకొకచోట నూరు మీటర్ల తీగెను వెదురు గడలపై లాగుకొన్నను అడుగువారుండరు. జనులు చిక్కుపడి వచ్చునది పంచాయతీ సభ్యుని యొద్దకే. కావున ఈ భేదములు ఎట్లు పుట్టినవో, వానిలో ఏది చట్టమో, ఏది కేవలము వాడుకయో సభ్యులు తెలిసికొనియుండవలెను.

ముప్పది మీటర్ల మాటకు పాత మూలము కలదు. 1910 నాటి భారత విద్యుచ్ఛక్తి చట్టమునకు చేర్చిన షెడ్యూలులో, పంపిణీ లైను నుండి 100 అడుగులకు మించిన సర్వీసు లైనుకును, దరఖాస్తుదారుని స్వంత స్థలములో వేయు భాగమునకును అగు ఖర్చును అతడే భరింపవలెనని ఉండెడిది. మెట్రిక్ కొలతలు వచ్చిన పిదప ఆ 100 అడుగులే 30 మీటర్లయినవి. గమనింపవలసినదేమనగా, అది ఖర్చును పంచుటకు గీచిన గీత మాత్రమే. అంతకన్న దూరపు ఇంటికి సరఫరా ఇయ్యరాదని దానికి అర్థము లేదు. 2003 విద్యుత్ చట్టము వచ్చి ఆ పాత చట్టమును రద్దు చేసినది. గీత పోయినను మాట పోలేదు!

2003 చట్టములోని 43వ సెక్షను, ఇంటి యజమాని గాని అందు కాపురమున్నవారు గాని కోరినచో సరఫరా ఇచ్చుట పంపిణీ సంస్థ విధియని చెప్పుచున్నది. లైను ఖర్చును వసూలు చేయు అధికారము 46వ సెక్షనులో ఉన్నది. అయితే ఆ వసూలు రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి చేసిన నిబంధనల ననుసరించియే జరుగవలెను. ఆంధ్రప్రదేశ్‌లో ఒక మండలి, మూడు పంపిణీ సంస్థలు ఉన్నవి. తెలంగాణలో వేరొక మండలి, వేరు సంస్థలు ఉన్నవి. మీటర్లకును, విద్యుత్ భద్రతకును సంబంధించిన నిబంధనలను మాత్రము సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ దేశమంతటికి ఒకటిగా చేయుచున్నది. ఇట్లు ఒక్క ఇంటి సరఫరాకు మూడు చోట్ల వ్రాసిన నియమములు వర్తించుచున్నవి. అవి ఒకే కాలమున వ్రాసినవి కావు. పొంతన కుదరకపోవుటలో వింత లేదు.

ఇందుకొక ఉదాహరణము. కేంద్ర ప్రభుత్వము 2020లో చేసిన వినియోగదారుల హక్కుల నియమములలో, విద్యుదీకరణ జరిగిన ప్రాంతములందు 150 కిలోవాట్ల వరకు క్రొత్త సర్వీసు రుసుమును లోడు, తరగతి, సంస్థకు అగు సగటు ఖర్చు అను వానిని బట్టి నిర్ణయింపవలెనని ఉన్నది. ప్రతి ఇంటికి వేరువేరుగా అంచనా వేయు పని తప్పించుటయే దీని ఉద్దేశము. దూరమును కొలిచి, స్తంభములను లెక్కించి అంచనా వేయుట పాత పద్ధతి. అట్టి అంచనా చేతికి వచ్చినపుడు అది ఏ నిబంధన ననుసరించి వేసినదో అడుగుట సమంజసమే.

ఇక మీటరు విషయము. 2006 నాటి మీటర్ల నిబంధనల ప్రకారము సంస్థ మీటరును వినియోగదారుని ఆవరణలోనైనను, వెలుపలనైనను పెట్టవచ్చును. కావున 'లోపలనే పెట్టవలెను' అనువారి మాటయు, 'వెలుపలనే పెట్టవలెను' అనువారి మాటయు పూర్తిగా సరికావు. వెలుపల పెట్టినచో, వినియోగదారుడు కోరినపుడు ఇంటిలో రీడింగు చూపు పరికరమును సంస్థ అమర్చవలెను. వెలుపలి మీటరు భద్రతకు సంస్థయే బాధ్యురాలు. ఆవరణలోని మీటరు విషయమున వినియోగదారుడు తగిన జాగ్రత్త వహింపవలెను.

మీటరు స్థానమునకును, తీగె పొడవునకును విడదీయరాని సంబంధము కలదు. సరఫరా ఆరంభమగు చోటు వినియోగదారుని మెయిన్ స్విచ్చి యొక్క లోనికి వచ్చు కొన. మీటరును, మెయిన్ స్విచ్చిని ఇంటివద్ద బిగించినచో స్తంభము నుండి అచ్చటి వరకు గల తీగెలో జరుగు నష్టము మీటరులో పడదు. ఆ రెండును వీధి మొదటనే బిగించినచో, అచ్చటి నుండి ఇంటివరకు గల తీగె వినియోగదారునిది; దాని మరమ్మతు అతనిదే, అందలి నష్టమును అతని బిల్లులోనిదే.

ఈ నష్టమెంతయో చూడుడు. 4 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియము తీగెతో 2 కిలోవాట్ల లోడునకు సుమారు 9 ఆంపియర్ల కరెంటు పారును. 30 మీటర్ల దూరమునకు వోల్టేజి 4 వోల్టులు మాత్రము తగ్గును. 100 మీటర్లయినచో 13 వోల్టులు తగ్గును. 1956 నాటి విద్యుత్ నియమములలో ఇంటి సరఫరాకు 6 శాతము హెచ్చుతగ్గులను అనుమతించు హద్దు ఉండెడిది; 230 వోల్టులకు అది 13.8. అనగా స్తంభము వద్ద వోల్టేజి నిండుగా ఉన్నను, ఈ తీగె ఒక్కటియే ఆ హద్దునంతయు మ్రింగివేయును. మోటారు బయలుదేరునపుడు అనేక రెట్లు కరెంటు లాగును గనుక అది మూలుగుచు నిలిచిపోవుటకు కారణము తరచుగా ఈ తీగెయే. దీనిలో వేడిగా పోవు శక్తి 120 వాట్లు. దినమునకు నాలుగు గంటల వాడకమైనచో నెలకు సుమారు 14 యూనిట్లు వృథా. తీగెను 10 చదరపు మిల్లీమీటర్లకు పెంచినచో ఈ నష్టము 6 యూనిట్లకు దిగును. పేదవాని ఇంటికి ఈ తేడా చిన్నది కాదు.

భద్రత విషయమున దేశమంతటను వర్తించు హద్దులున్నవి. సర్వీసు వైరును స్తంభము వద్దనే తీయవలెను గాని, రెండు స్తంభముల నడుమ తీగెకు కొక్కెము తగిలింపరాదు. వీధిని అడ్డముగా దాటు లైను నేలకు 5.8 మీటర్లు, వీధి వెంబడి పోవునది 5.5 మీటర్లు ఎత్తునకు తగ్గరాదు. గడ్డి ఎత్తిన ట్రాక్టరు, వరికోత యంత్రము ఆ వీధిలోనే పోవుననుట సభ్యులకు చెప్పనక్కరలేదు.

ఇంటి స్థలములు పంచియిచ్చిన క్రొత్త కాలనీలలో ఈ చిక్కు మిక్కుటము. ఇండ్లు ముందు లేచును, స్తంభములు తరువాత వచ్చును. నడుమ ఎవరికి వారే దూరమునుండి తీగెలు లాగుకొందురు. ఇరువది కుటుంబములు వేరువేరుగా నూరేసి మీటర్ల తీగె కొనుటకన్న, పంచాయతీ తీర్మానము చేసి లైను పొడిగింపును కోరుట చవుక, క్షేమము. తీర్మానమునకు కాలనీ పటమును, చివరి స్తంభము నుండి ఒక్కొక్క ఇంటికి గల దూరమును జతపరుపవలెను.

ఒక్క ఇంటి దరఖాస్తు విషయమున, లైను పొడిగింపు అవసరము లేనిచో, 2024 సవరణ ప్రకారము గ్రామములందు 15 దినములలో సర్వీసు ఇయ్యవలెను. కొండ ప్రాంతపు గ్రామములకు 30 దినముల గడువు కలదు. మీటరు ఎచ్చట బిగింతురో, స్తంభము నుండి మీటరు వరకు తీగె ఎవరిదో, దూరము చాలదనినచో ఏ నిబంధనలో ఆ దూరము వ్రాసియున్నదో సెక్షను ఆఫీసు నుండి వ్రాతమూలకముగా తీసికొనుడు. నోటిమాటపై వచ్చిన తిరస్కారమును సవాలు చేయుట కష్టము. వ్రాత చేతికి వచ్చిన పిదప అది సరికాదని తోచినచో పంపిణీ సంస్థలోని వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు అర్జీ పెట్టవచ్చును. అచ్చట తృప్తికరముగా తేలనిచో రాష్ట్ర విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు విన్నవించుకొనవచ్చును.