ముట్లుడగడం – గర్భసంచి మీద నింద

సావనీరుకు ఈ విషయం రాస్తానంటే మా మిత్రబృందం ముసిముసిగా నవ్వింది. అండాశయం స్లైడు చూసి రికార్డులో బొమ్మ వేసేటప్పుడు ఎవరికీ రాని నవ్వు, అమ్మల సంగతి అనేసరికి ఎందుకో మరి!

ఆడపిల్ల పుట్టినప్పుడే ఆమె అండాశయాల్లో 10, 20 లక్షల అండపుటికలుంటాయి. తర్వాత కొత్తవి పుట్టవు. గాదెలో విత్తనాల లాగ తరుగుతూ రజస్వల నాటికి 3, 4 లక్షలు, యాభై దగ్గరపడేసరికి వెయ్యికి అటూ ఇటూ మిగులుతాయి. అప్పుడు ఈస్ట్రోజన్ తగ్గి నెలసరి తప్పుతూ వస్తుంది. వరుసగా 12 నెలలు రాకపోతే ముట్లుడిగినట్లే. మన దేశంలో సగటున 46, 47 ఏళ్లకు ఇది జరుగుతుంది.

ఒంటి వేడిని అదుపు చేసేది మెదడులోని హైపోథాలమస్. ఈస్ట్రోజన్ తగ్గితే అది చిన్న మార్పుకే బెదిరి, చర్మంలోని రక్తనాళాలను తెరిచి చెమట పట్టిస్తుంది. ఆవిర్లంటే ఇవే. మా ఊళ్లో మిరపకాయ కోతల్లో ఆడవాళ్లు "వేడి చేసింది" అని మజ్జిగ తాగి ఊరుకుంటారు. రాత్రి నిద్ర పట్టదు, గుండెదడ, కీళ్లనొప్పులు, యోని పొడిబారి మంట. ఇంట్లోవాళ్లకు కనిపించేది మాత్రం ఆమె కోపమొక్కటే.

ఇక నన్ను ఇది రాయించిన సంగతి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. మా పెద్దమ్మకు 36 ఏళ్లకే తీశారు. "పిల్లలు పుట్టారుగా, ఇంక ఆ సంచితో పనేముందమ్మా" అన్నారట. ఈస్ట్రోజన్ తయారయ్యేది అండాశయాల్లో గదా! సంచితోపాటు వాటినీ తీసేస్తే ఒక్కరోజులో ముట్లుడిగినట్లే; ఎముకలకు ఆ కాపుదల పదేళ్లు ముందే పోతుంది. క్యాన్సర్‌కో, మందులకు లొంగని రక్తస్రావానికో ఆపరేషన్ తప్పకపోవచ్చు. తెల్లబట్టకూ నడుంనొప్పికీ ఎందుకు?

ఆవిర్లు మరీ బాధిస్తే అన్నిటికన్నా బాగా పనిచేసేవి హార్మోను మందులే. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారికీ, రక్తం గడ్డలు కట్టే జబ్బున్నవారికీ అవి సాధారణంగా ఇవ్వరు కాబట్టి డాక్టరు చూసి రాయాలి. గర్భసంచి ఉంటే ఈస్ట్రోజన్‌తోపాటు ప్రొజెస్టిరాన్ లాంటి మందూ కావాలి. ఎముకలకు మన రాగిసంకటి మంచిది: 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. నువ్వులూ మంచివే. రోజూ నడవాలి.

ఏడాది ఆగిన తర్వాత మళ్లీ కొంచెం రక్తం కనిపించినా "ముట్టు తిరిగొచ్చింది" అని ఊరుకోకుండా వెంటనే చూపించాలి. గర్భసంచి క్యాన్సర్‌కు అది మొదటి గుర్తు కావచ్చు.