డయాలసిస్‌లో ఉన్నవారికి గుండె ముప్పు ఎందుకెక్కువ?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. షుగర్ వల్ల కిడ్నీలు పాడై వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించుకుంటున్నారు. ఈమధ్య కాలునొప్పికి ఎక్స్‌రే తీస్తే రక్తనాళాల్లో కాల్షియం పేరుకుందన్నారు. కొలెస్ట్రాల్ మాత్రం నార్మలే. గుండెకు ప్రమాదమా? కొలెస్ట్రాల్ మాత్ర మొదలుపెట్టాలా? కాల్షియం ఎక్కువైందని ఆయన పాలు, డాక్టరు రాసిన కాల్షియం మాత్రలు కూడా మానేశారు.
– ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: ముందు ఆ మాత్రల సంగతి. సొంతంగా మానేయడం తప్పు. డయాలసిస్ రోగులకు కాల్షియం మాత్రలు చాలాసార్లు ఎముకల బలానికి కాదు, భోజనంలోని ఫాస్ఫరస్‌ను పేగుల్లోనే పట్టి ఆపడానికి ఇస్తాం. అందుకే అన్నం తింటూ వేసుకోవాలి. తిన్న రెండు గంటలకు వేసుకుంటే ఆ పని జరగదు సరికదా, కాల్షియం ఒంట్లోకి చేరుతుంది. అయితే నాళాల్లో ఇప్పటికే కాల్షియం కనిపించింది కాబట్టి, మోతాదు తగ్గించాలా, కాల్షియం లేని సెవెలమర్ లాంటి మందుకు మారాలా అని మీ నెఫ్రాలజిస్టును అడగండి. దాని ఖరీదు ఎక్కువే, అయినా అడగాల్సిన మాటే.

గుండెకు ముప్పు ఉంది. డయాలసిస్ రోగుల మరణాలకు మొదటి కారణం గుండె, రక్తనాళాల జబ్బులే. మామూలుగా గుండెపోటు అనగానే నాళం లోపొరలో కొవ్వు పేరుకోవడమే గుర్తొస్తుంది. అది వీళ్లలోనూ ఉంటుంది, షుగర్ ఉంటే మరీను. దానికి తోడు గోడ మధ్యపొరలో కాల్షియం చేరుతుంది. బోరునీళ్ల పైపుకు సున్నం కట్టినట్టు అనుకుంటారు గానీ ఇది ఊరికే పేరుకోవడం కాదు; రక్తంలో ఫాస్ఫరస్ పెరిగితే గోడలోని కండర కణాలే ఎముక కణాల్లా మారతాయి. నాళం సాగే గుణం పోయి బిరుసెక్కుతుంది. దాంతో పై బీపీ పెరుగుతుంది, కింది బీపీ తగ్గుతుంది. అంత ఒత్తిడికి ఎదురుగా రక్తాన్ని నెట్టలేక గుండె గోడ మందమవుతుంది. పైగా గుండె కండరానికి రక్తం అందేది ఎక్కువగా అది సడలిన క్షణంలోనే. కింది బీపీ పడిపోతే దానికే రక్తం చాలదు.

కొలెస్ట్రాల్ నార్మల్‌గా ఉన్నా ఇదంతా జరగొచ్చు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు ఇక్కడ ఆశించినంత పనిచేయకపోవడానికి కారణం బహుశా ఇదే. షుగరుండి డయాలసిస్‌లో ఉన్న 1,255 మందిపై జర్మనీలో చేసిన అధ్యయనం 2005లోనూ, 2,776 మందిపై చేసిన ‘అరోరా’ 2009లోనూ వెలువడ్డాయి. రెండింట్లోనూ కొలెస్ట్రాల్ బాగా తగ్గింది. గుండెపోటు, పక్షవాతం, గుండె మరణాలు కలిపి చూస్తే మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి డయాలసిస్ మొదలయ్యాక కొత్తగా ప్రారంభించమని సాధారణంగా చెప్పం. ముందునుంచీ వాడుతుంటే ఆపొద్దు. స్టెంట్ వేసి ఉంటే గుండె డాక్టరు మాటే వినాలి.

మీరు పట్టించుకోవాల్సింది ఫాస్ఫరస్. పథ్యంగా తిన్నా రోజుకు 800 నుంచి 1,000 మిల్లీగ్రాములు లోపలికి వెళుతుంది, అందులో సగానికి పైగా రక్తంలో కలుస్తుంది. నాలుగు గంటల డయాలసిస్ ఒక్కోసారి తీసేది ఇంచుమించు ఒక రోజు తిండిలో ఉన్నంత. వారానికి రెండుసార్లతో ఈ లెక్క ఎప్పటికీ తేలదు. మూడోసారి కుదురుతుందేమో మీ సెంటర్‌లో గట్టిగా అడగండి. మూడుసార్లు చేసినా ఫాస్ఫరస్‌ను ఆపే మాత్రలు కావాల్సిందే.

పాలు పూర్తిగా మానక్కర్లేదు, కొలత ప్రకారం తాగితే చాలు. కూల్‌డ్రింకుల్లో కోలాలు, ప్యాకెట్ మాంసం, ప్రాసెస్ చేసిన చీజ్ మానేయాలి. వాటిలో కలిపే ఫాస్ఫేట్ దాదాపు అంతా ఒంటికి పడుతుంది. పప్పుల్లోది అంత పట్టదు. ఫాస్ఫరస్‌కు భయపడి ప్రొటీన్ తగ్గించేవాళ్లను చూస్తుంటాను. అలా తగ్గించొద్దు; ప్రొటీన్ కోసం గుడ్డు తెల్లసొన పెట్టండి.

ఇక ఉప్పు. నీళ్లు తాగొద్దని ఆయన్ని పోరే ముందు ఆవకాయ, అప్పడాలు తీసేయండి, దాహమే తగ్గుతుంది. రెండు డయాలసిస్‌ల మధ్య బరువు బాగా పెరిగితే అంత నీటినీ ఒక్క పూటలో లాగాల్సి వస్తుంది. బీపీ పడిపోయి గుండె దెబ్బతింటుంది. ఎక్కువ రోజులు విరామం వచ్చిన తర్వాతి రోజే మరణాలు, గుండె సమస్యలు ఎక్కువని అమెరికాలో 2011లో వెలువడిన పరిశీలన చెప్పింది. పెళ్లికెళ్లాలని ఒక డయాలసిస్ ఎగ్గొట్టేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

కాలునొప్పిని తేలిగ్గా తీసుకోవద్దు. నడిస్తే పిక్కలు పట్టేస్తున్నాయా, పాదం చల్లగా ఉంటోందా, పుండు మానడం లేదా చూడండి. చీలమండ దగ్గర బీపీ కొలిచే పరీక్ష, నాళాలు గట్టిపడినవారిలో లేని రక్తప్రసరణను ఉన్నట్టు చూపొచ్చు. డాప్లర్ స్కాన్ చేయించండి. షుగర్ ఉన్నవారికి గుండెపోటులో ఛాతీనొప్పి రాకపోవచ్చు. కారణం లేకుండా చెమటలు పట్టినా, పడుకుంటే ఆయాసం వచ్చినా తర్వాతి డయాలసిస్ దాకా ఆగకుండా అదే పూట ఆసుపత్రికి తీసుకెళ్లండి.