ధ్వని చూపిన జాడ

కడప జిల్లా వేంపల్లెలో ఒకనాటి సాయంకాలము ఉరుములతో వాన కురియుచుండెను. చూపు మందగించిన ఒక అవ్వ మందుల డబ్బీకై ఇల్లంతయు తడుముచుండెను. రాత్రి వేసికొనవలసిన గుండెజబ్బు మాత్రలు అందులోనే యున్నవి. మనుమరాలు సమీపమందలి ఇడుపులపాయలో చదువుచుండెను. 2008లో నెలకొల్పబడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమునకు అచ్చట ప్రాంగణము కలదు. సెలవులకు వచ్చిన ఆ బాలిక, డబ్బీకి బొత్తామంత పరికరము నొకదానిని ముందే అతికించి యుంచెను.

ఆమె స్మార్టుఫోనును తాకగానే డబ్బీ మ్రోగెను.

“అమ్మీ, ఈ మ్రోత అన్ని మూలలనుండియు వినబడుచున్నదే!” అని అవ్వ కలవరపడెను.

“గోడలకు తగిలి మరలుచున్నది, అవ్వా. మెఱుపు ముందు, ఉరుము వెనుక వచ్చును గదా! ఆ నడిమి కాలమును లెక్కించిన పిడుగు దూరము తెలియును. ఇదియు నట్టిదే” అని బాలిక పలికెను.

ఆమె మాట సత్యము. కాంతియు, రేడియో తరంగములును సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును. 20 డిగ్రీల సెల్సియసు ఉష్ణోగ్రతగల గాలిలో ధ్వని 343 మీటర్లే పోవును. ఒక వస్తువు రెంటిని ఒక్కమారే పంపినచో, ధ్వని వెనుకబడిన కాలమే దూరమును తెలుపును. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థవారు 2000లో ప్రకటించిన ‘క్రికెట్’ అను పద్ధతి ఇట్టిదే. దానియందు మనుష్యుల చెవికి అందని ధ్వనిని వాడిరి.

2007లో బీజింగునందలి మైక్రోసాఫ్టు పరిశోధకులు ‘బీప్‌బీప్’ అను పద్ధతిని తెలిపిరి. అందు రెండు ఫోనులు వంతులవారీగా కూయును. ఫోను సెకనుకు 44,100 మారులు ధ్వనిని కొలువగలదు. రెండు కొలతల నడుమ ధ్వని సుమారు 8 మిల్లీమీటర్లే సాగును. కావుననే దూరము అంత సూక్ష్మముగా తేలును. మూడు తావులనుండి దూరము కొలిచినచో వస్తువున్న చోటు తెలియును. ప్రతిధ్వని ఎల్లప్పుడు ఆలస్యముగా వచ్చును గనుక, మొదట చేరిన ధ్వనినే లెక్కింపవలెను.

బాలిక ఫోనుకు ఆ కొలత తెలియదు. అది మ్రోగింపగలదు, అంతే. అందుచే ఆమె గడప కడ, మంచము కడ, పొయ్యి కడ నిలిచి చెవియొగ్గెను. మంచము కడ మ్రోత గట్టిగా నుండెను. బొంత మడతలు విప్పగా డబ్బీ బయటపడెను.

అవ్వ వేళకు మాత్ర వేసికొనెను. నాటినుండి డబ్బీకి దీపపు గూటిప్రక్కనే స్థానము ఏర్పడెను. ఆ పరికరము మాత్రము, మఱచిన దినమునకు తోడుగా, దానిని అంటియే యుండెను.